చెన్నైలో అమ్యూజ్‌మెంట్ పార్కుకి పిల్లల్ని తీసుకెళ్తున్నారా? పొడుగు లైను తప్పించుకునే ఫాస్ట్‌ట్రాక్ టికెట్ కొనే ముందు ఇది చదవండి

నిన్న జరిగింది ఇది. రాత్రి నిద్ర పట్టలేదు. కోపం చల్లారాక రాద్దామనుకున్నాను కానీ, చల్లారితే ఇక రాయను, నా సంగతి నాకు తెలుసు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

పార్కు పేరు పెట్టడం లేదు. ఫిర్యాదు చేశాను, అది తేలేదాకా పెట్టను. చెన్నై చుట్టుపక్కల పార్కులకి వెళ్లిన మనవాళ్లందరికీ ఆ తంతు తెలిసిందే. గేటు దగ్గర బ్యాగు తడమడం, బిస్కెట్ ప్యాకెట్లు బయట పెట్టించడం, లాకరు అద్దె, దాని మీద డిపాజిట్. వాటి గురించి నాకు గొడవ లేదు, అన్నిచోట్లా ఉన్నవే. నా గొడవంతా మణికట్టుకి కట్టే ఒక్క ఆకుపచ్చ బ్యాండు గురించి.

మా అక్క కొడుకు బంటికి పదేళ్లు. నెల్లూరు. వాడికి రోలర్ కోస్టర్లంటే ప్రాణం. మామూలు ఇష్టం కాదు, ఒక నోటుబుక్కు నిండా రాసి పెట్టుకున్నాడు. ఖోపోలి దగ్గర ఇమాజికాలో 2013లో వచ్చిన నైట్రోలో కూర్చుంటే కాళ్ల కింద నేల ఉండదట. అబూ ధాబిలోని ఫార్ములా రొస్సా గంటకి 240 కిలోమీటర్ల వేగం అందుకుంటుందట. అమెరికాలో 139 మీటర్ల ఎత్తున్న కింగ్డా కా అనే కోస్టర్‌ని 2025 ఫిబ్రవరిలో పేల్చి పడగొట్టారని నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు, గొంతు బొంగురుపోయింది వాడికి. "పిన్నీ, తలకిందులు చేసే ఆ లూప్ సున్నాలాగా గుండ్రంగా ఉండదు, కన్నీటి చుక్కలాగా ఉంటుంది, గుండ్రంగా కడితే కింద మనిషి మీద బరువు మరీ ఎక్కువ పడుతుంది" అని నాకు బొమ్మ గీసి చూపించాడు. బండి పైకెక్కేటప్పుడు వచ్చే టకటక చప్పుడు గొలుసుది అనుకునేదాన్ని నేను. కాదట. గొలుసు తెగినా బండి వెనక్కి జారకుండా పళ్లపట్టీలో పడే కొక్కెం చప్పుడట.

పోయిన వేసవిలో 134 సెంటీమీటర్లే ఉన్నాడు. పెద్ద కోస్టర్‌కి 140 లేనిదే ఎక్కనివ్వరని తెలిసి అడగనే లేదు. ఏడాదంతా తలుపు చట్టం మీద పెన్సిలుతో గీతలు గీసుకుంటూ వచ్చాడు. ఈ ఏప్రిల్లో 140 గీత తాకింది. పొద్దున్నే స్కూలుకి వెళ్లే ముందు అక్క తల మీద స్కేలు అడ్డంగా పెట్టి గీసిందట. ఆ సాయంత్రమే నాకు ఫోన్. నేను ఆ నెలంతా "ఈసారి నువ్వు ఎక్కుతావు రా" అని చెబుతూనే ఉన్నాను. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే కడుపులో తిప్పుతోంది.

సరే. నిన్న పొద్దున పదిన్నరకి గేటు దగ్గర గోడ మీద వేసిన కొలత దగ్గర నిలబెట్టారు. బూట్లతోనే. ఎవరూ విప్పమనలేదు, నాకూ తట్టలేదు. అక్కడున్న కుర్రాడు చూసి, పచ్చ బ్యాండు తీసి బంటి మణికట్టుకి కట్టి, "ఎల్లా రైడుం ఓకే" అన్నాడు, అంటే అన్ని రైడ్లూ ఎక్కొచ్చని. బంటి ఆ బ్యాండుని చూసుకున్న తీరు నేను మర్చిపోలేను.

పక్కనే ఫాస్ట్‌ట్రాక్ కౌంటర్. ఇక్కడ నేను అడగవలసింది అడిగాను, నోరు మూసుకుని కొనలేదు. "మేం కొంటున్నది ఆ పెద్ద కోస్టర్ కోసమే. బాబుని ఎక్కిస్తారు కదా?" అని అడిగాను. కౌంటర్‌లో అమ్మాయి తల బయటికి పెట్టి వాడి చేతికేసి చూసి, పచ్చ బ్యాండ్ ఉంది కదా మేడమ్, ప్రాబ్లమ్ లేదు అంది. మనిషికి 900 చొప్పున ఇద్దరికీ 1800 కట్టాను. ప్రవేశ రుసుము వేరే.

కోస్టర్ పొద్దున తెరవలేదు. రెండింటికి తెరిచారు. లైను ముందుకి వెళ్లాక అక్కడ ఇంకో కొలత కర్ర ఉంది. బూట్లు విప్పమన్నారు. 139. మళ్లీ కొలిచారు, మళ్లీ 139. "హైట్ పత్తలె మేడమ్", ఎత్తు చాలదు అన్నాడు అక్కడి రైడ్ ఆపరేటర్. అతను మర్యాదగానే చెప్పాడు, అది కూడా రాయాలి. బంటి నాకన్నా ముందే అర్థం చేసుకున్నాడు. "భుజాల మీద పడే పట్టీ సరిగ్గా కూర్చోదు పిన్నీ, రూలు కరెక్టే" అన్నాడు. గొంతు మాత్రం ఎక్కడో లోపల్నించి వచ్చింది.

అంతవరకు నాకు ఎవరి మీదా కోపం లేదు. ఎత్తు నిబంధన విషయంలో ఒక్క సెంటీమీటరు కూడా సడలించకూడదని నేనూ అంటాను. 2019లో అహ్మదాబాద్ కాంకరియా చెరువు దగ్గర ఊగే రైడ్ విరిగి పడి ప్రాణాలు పోయిన సంగతి మర్చిపోగలమా? ఆ ఆపరేటర్ వద్దనడం అతని పని. నేను దండం పెట్టి కిందికి దిగాను.

1800 తిరిగి అడుగుదామని సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లాం. చెప్పాను: మీ మనిషే కొలిచి పచ్చ బ్యాండ్ కట్టాడు, మీ కౌంటరే ఆ బ్యాండ్ చూసి టికెట్ అమ్మింది, ఇప్పుడు ఎక్కనివ్వరంటే అది మా తప్పు కాదు, ఈ డబ్బు తిరిగి ఇవ్వండి. ఆయన నా మాట మధ్యలోనే బంటిని పిలిచాడు. "చెయ్యి చూపించు తంబీ." బ్యాండ్ చూస్తాడేమో అనుకున్నాను. వాడూ అలాగే అనుకుని చెయ్యి చాపాడు. ఆయన టేబుల్ మీది కత్తెర తీసి, వాడి మణికట్టు మీది బ్యాండుని కత్తిరించి, సొరుగులో వేసి మూసేశాడు.

నాకు ఒక క్షణం ఏమీ అర్థం కాలేదు. ఎవరినీ అడగలేదు. నన్ను అడగలేదు, వాణ్ణి అడగలేదు. పిల్లవాడి చెయ్యి పట్టుకుని కత్తెర పెట్టాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఏ బ్యాండ్ మేడమ్? మీ పిల్లవాడి ఎత్తు మీకే తెలియకపోతే ఎలా?" అన్నాడు.

గేటు దగ్గరి కుర్రాణ్ణి పిలిపించమన్నాను. వచ్చాడు. నన్ను చూడలేదు, ముందు సూపర్‌వైజర్ మొహం చూశాడు. తర్వాత, నేను కట్టింది పచ్చ బ్యాండ్ కాదన్నాడు. నాలుగు గంటల కింద వాడి చేతికి కట్టి నవ్వుతూ బుగ్గ గిల్లిన మనిషి. ఆ కుర్రాడి మీద కూడా నాకు ఇప్పుడు అంత కోపం లేదు, ఉద్యోగం భయం కనిపించింది. కానీ బంటికి అది కనిపించదు కదా. వాడు మణికట్టు రెండో చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, అక్కడ ఇంకా ఏదో ఉన్నట్టు.

ఇంతలో వెనక లైన్లో ఉన్న ఒక పెద్దావిడ ముందుకొచ్చింది. తమిళావిడ, మనవరాలితో వచ్చింది. "నాన్ పార్త్తేన్, పచ్చె బ్యాండ్ దాన్", నేను చూశాను, పచ్చ బ్యాండే అని సూపర్‌వైజర్‌తో గట్టిగా చెప్పింది. ఆయన ఆమెని కూడా లైన్లోకి వెళ్లమన్నాడు. ఆవిడ వెళ్లలేదు. నా ఫోన్ తీసుకుని తన నంబరు అందులో వేసి, కేసు పెడితే పిలవమ్మా, నేను వచ్చి చెబుతాను అంది. చెన్నైలో పన్నెండేళ్లుగా ఉంటున్నాను, నాకు ఈ ఊరు ఇలాంటి మనుషుల వల్లే ఇల్లయింది.

బయటికి వచ్చాక ఆటోలో బంటి అడిగాడు: "పిన్నీ, నేను అబద్ధం చెప్పానని వాళ్లు అనుకుంటున్నారా?"

1800 పోతే పోయింది. ఈ ప్రశ్న దగ్గరే నా కోపమంతా.

ఇంటికొచ్చాక కూర్చుని ఆలోచించాను, చదివాను. మనిషి పొద్దున ఉన్న ఎత్తు సాయంత్రానికి ఉండదు, వెన్నుపూసల మధ్య ఉండే మెత్తలు రోజంతా నొక్కుకుని సుమారు ఒక సెంటీమీటరు తగ్గుతుంది. అక్క పొద్దున్నే కొలిచింది. గేటు దగ్గర బూట్లతో కొలిచారు, బూటు మడమ ఎత్తు అందులో కలిసింది. రైడ్ దగ్గర మధ్యాహ్నం, బూట్లు లేకుండా కొలిచారు. రోజూ వందల మంది పిల్లల్ని కొలిచే పార్కుకి ఈ తేడా తెలియకుండా ఉంటుందా? గేటు దగ్గర కూడా బూట్లు విప్పించి కొలిస్తే ఈ గొడవే లేదు. అలా కొలిస్తే గేటు పక్కనే ఉన్న కౌంటర్‌లో ఫాస్ట్‌ట్రాక్ అమ్ముడుపోదు. నాకు అర్థమైంది ఇదే, ఇంకో కారణం ఏదైనా ఉంటే వాళ్లే చెప్పాలి.

నా తప్పులు కూడా ఒప్పుకుంటాను. బూట్లు విప్పి కొలవమని నేనే అడగాల్సింది. బ్యాండ్ కట్టగానే ఫోటో తీయాల్సింది. సూపర్‌వైజర్ చెయ్యి చాపమన్నప్పుడు వాడి చెయ్యి నేను వెనక్కి లాగాల్సింది. అన్నిటికన్నా ముందు, ఒక్క సెంటీమీటరు మీద ఆధారపడిన ఆశని నెల రోజులు పెంచకుండా ఉండాల్సింది. తర్వాత నేను అరిచాను కూడా. బంటి ముందు అరిచాను. అది నాకు బాధగా ఉంది.

డబ్బు తిరిగి ఇవ్వం అని టికెట్ వెనక చిన్న అక్షరాల్లో ఉందని వాళ్లు చూపించారు. ఉండొచ్చు. కానీ లేని సేవని ఉన్నట్టు చెప్పి అమ్మడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి అవుతుంది. రాత్రి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కి ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. మనం కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫిర్యాదుకి రుసుము లేదు. ఇంకో సంగతి, ఈ చట్టం వచ్చాక మనం ఉండే ఊళ్లోనే కేసు వేయొచ్చు. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు నుంచి సెలవులకి చెన్నై వచ్చి ఇలా మోసపోయినవాళ్లు మళ్లీ చెన్నై తిరగక్కర్లేదు, మీ జిల్లాలోనే వేయండి.

పిల్లలతో వెళ్లేవాళ్లకి రెండు మాటలు. పిల్లవాడి ఎత్తు సాయంత్రం పూట, బూట్లు లేకుండా కొలవండి, రైడ్‌కి కావాల్సిన దానికన్నా రెండు సెంటీమీటర్లు ఎక్కువ లేకపోతే ఫాస్ట్‌ట్రాక్ కొనొద్దు. కొనాలనిపిస్తే ముందు రైడ్ దగ్గరికే వెళ్లి అక్కడి కొలత కర్ర దగ్గర నిలబెట్టి చూసుకుని, వెనక్కి వచ్చి కొనండి. నడక ఎక్కువైనా పర్వాలేదు. బ్యాండ్ కట్టగానే చేతితో సహా ఫోటో తీయండి. కౌంటర్‌లో ఎవరైనా ఓకే అంటే రసీదు మీద రాసి ఇమ్మనండి. ఎవరైనా కత్తెర తీస్తే పిల్లవాడి చెయ్యి వాళ్లకి అందనివ్వకండి.

ఇవాళ మధ్యాహ్నం బావగారు వచ్చి బంటిని పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో తీసుకెళ్లారు. నోటుబుక్కు నా టేబుల్ మీదే ఉంది. మర్చిపోయాడో, వదిలేశాడో తెలియదు. అక్కని అడగడానికి ధైర్యం చాలట్లేదు.

ఇది రాస్తుండగా పార్కు నుంచి మెయిల్ వచ్చింది. పిల్లవాడికి పచ్చ బ్యాండ్ కట్టినట్టు ఆధారం ఉంటే పంపమన్నారు. నిన్న తీసిన ఫోటోలన్నీ ఒక్కొక్కటే పెద్దవి చేసి చూశాను. ఒకదాంట్లో బంటి మొక్కజొన్న పొత్తు కొరుకుతున్నాడు, మణికట్టు కెమెరా వైపు తిరిగి ఉంది, పచ్చ బ్యాండు స్పష్టంగా కనిపిస్తోంది. టైము కూడా ఉంది, 12:47. ఆ ఫోటో పంపాను. సొరుగులో ఉన్న బ్యాండుని కూడా చూసుకోమని రాశాను. జవాబు వస్తే ఇక్కడే పెడతాను.