ప్లానార్ హైబ్రిడ్ స్పీకర్లకు ట్యూబ్ ఆంప్: 8 వాట్ల దగ్గర మొదలై 75 దగ్గర ఆగాను

నా స్పీకర్లు ప్లానార్ హైబ్రిడ్ రకం. 250 హెర్ట్జ్ కింద మామూలు కోన్ ఊఫర్ పనిచేస్తుంది. ఆ పైనంతా పలుచని ఫిల్మ్ మీద లోహపు తీగ అతికించి, అయస్కాంతాల మధ్య బిగించిన ప్యానెల్. గొంతు, వయొలిన్, పియానో ఈ ప్యానెల్ మీద ఒకసారి వింటే పెట్టె స్పీకర్ల జోలికి మళ్లీ వెళ్లబుద్ధి కాదు. కానీ ఇవి ఒట్టి తిండిపోతులు, ఎన్ని వాట్లు పోసినా ఇంకా కావాలంటాయి. వీటికి ట్యూబ్ ఆంపే, అంటే ట్రాన్సిస్టర్ల బదులు గాజు వాక్యూమ్ ట్యూబులతో పనిచేసే ఆంప్లిఫయరే, తగిలించాలన్న పిచ్చి పట్టి ఏడాదిన్నరలో మూడు మార్చాను. ఇప్పుడున్నది కేటీ88 అనే ట్యూబులు జంటగా పనిచేసే (పుష్-పుల్) ఇంటిగ్రేటెడ్ ఆంప్ (ప్రీఆంప్, పవర్ ఆంప్ ఒకే పెట్టెలో), చానల్‌కి 75 వాట్లు. ఈ రివ్యూ దాని గురించే. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇందులో ఓ ఫిర్యాదు కూడా ఉంది.

మొదటిది స్నేహితుడి దగ్గర అరువు తెచ్చిన 300బీ సింగిల్ ఎండెడ్, అంటే చానల్‌కి ఒక్క 300బీ ట్యూబే పని మొత్తం చేసే ఆంప్. 8 వాట్లు. ఒక గొంతు, ఒక గిటార్ ఉన్న పాట, వాల్యూమ్ తక్కువ. ఆ అరగంట నేను కుర్చీలోంచి కదల్లేదు. తర్వాత ఆర్కెస్ట్రా పెట్టాను. డ్రమ్ దెబ్బ పరుపు మీద కర్రతో కొట్టినట్టు వచ్చింది.

అప్పుడు కూర్చుని లెక్క వేశాను. కొనేముందే వేయాల్సిన లెక్క అది. స్పీకర్ కాగితంలో సెన్సిటివిటీ (మీటరు దూరంలో ఎంత గట్టిగా మోగుతుందన్న కొలత) 86 డెసిబెల్స్ అని ఉంటుంది, పక్కనే చిన్న అక్షరాల్లో 2.83 వోల్టులకు అని. స్పీకర్ కరెంటుకి ఇచ్చే అడ్డుని, అంటే ఇంపిడెన్స్‌ని, ఓమ్‌లలో కొలుస్తారు. 8 ఓమ్ స్పీకర్‌కి 2.83 వోల్టులంటే 1 వాట్. నావి 4 ఓమ్‌లవి, అంటే అది 2 వాట్లు. కాబట్టి అసలు సెన్సిటివిటీ వాట్‌కి 83 మాత్రమే. నేను కూర్చునేది 3 మీటర్ల దూరంలో. దూరానికి 9.5 డెసిబెల్స్ తీసేసి, రెండు స్పీకర్లున్నాయి కాబట్టి 3 కలిపితే, ఒక్కో వాట్‌కి నా చెవి దగ్గర 76.5. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. అలా 8 వాట్లకు 85.5 దగ్గర ఆగిపోతుంది. ఆర్కెస్ట్రా శిఖరాలు 95 తాకాలంటే దాదాపు 70 వాట్లు కావాలి. గది గోడల వల్ల కొంత కలిసొస్తుంది, ప్యానెల్ శబ్దం దూరంతో కాస్త నెమ్మదిగా తగ్గుతుంది, నిజమే. అయినా 8 వాట్లతో అయ్యే పని కాదు.

"ట్యూబ్ వాట్ ఒకటి ట్రాన్సిస్టర్ వాట్లు రెండింటితో సమానం సార్" అని ఒక అమ్మకందారు నాతో చాలా నమ్మకంగా చెప్పాడు. వాట్ అంటే వాటే. ట్యూబ్ ఆంప్ చేతులెత్తేసేటప్పుడు మెత్తగా ఎత్తేస్తుంది, చెవికి గుచ్చుకోదు, అందుకే ఎక్కువ శక్తి ఉన్నట్టు అనిపిస్తుంది. నా డ్రమ్ పరుపుగా మారింది కూడా సరిగ్గా అందుకే.

రెండోది ఈఎల్34 పుష్-పుల్, 35 వాట్లు. 1959లో వచ్చిన డైనాకో కంపెనీ ఆంప్ స్టీరియో 70 కూడా ఈఎల్34లతో చానల్‌కి ఇంతే ఇచ్చేది. ఎన్నో ఇళ్లకు అది సరిపోయింది. నాకూ పదిలో ఎనిమిది ఆల్బమ్‌లకు సరిపోయింది. బాధంతా మిగతా రెండింటితోనే.

ఇక కేటీ88. కొనే ముందు వాట్ల కన్నా రెండు విషయాలు ఎక్కువగా చూశాను: 4 ఓమ్‌ల ట్యాప్ (4 ఓమ్‌ల స్పీకర్‌ని కలిపే టెర్మినల్) ఉందా, ట్యూబులకూ స్పీకర్‌కూ మధ్య ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఎంత పెద్దది. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ మీద 75 వాట్లని రాసినా అవి మధ్య ఫ్రీక్వెన్సీల దగ్గరే దొరుకుతాయి, 30 హెర్ట్జ్ దగ్గర దాని ఇనుప కోర్ సాచురేట్ అయిపోతుంది, అంటే ఇక అయస్కాంత శక్తి పట్టదు. ఈ ఆంప్ పెట్టెలోంచి తీయడానికి ఇద్దరం కావాల్సి వచ్చింది. నడుము పట్టేసినా మనసులో సంతోషించాను.

ముందు పొరపాటున 8 ఓమ్‌ల ట్యాప్‌కి కలిపాను. గట్టిగా మోగింది కానీ పియానోలో ఏదో గరుకు, బేస్ వదులు. 4కి మార్చగానే ఆ గరుకు పోయింది, ఊఫర్ అదుపులోకి వచ్చింది. ప్యానెల్ దాదాపు ఒట్టి రెసిస్టర్ లాంటి లోడ్, అంటే ఏ ఫ్రీక్వెన్సీ దగ్గరైనా అడ్డు ఇంచుమించు ఒకటే, ట్యూబ్ ఆంప్‌కి దానితో పేచీ ఉండదు. పేచీ ఊఫర్‌తోనే. దాని ఇంపిడెన్స్ రెజోనెన్స్ (కోన్ తనంతట తాను ఎక్కువగా ఊగే ఫ్రీక్వెన్సీ) దగ్గర కొండలా లేస్తుంది. ఆంప్ సొంత అవుట్‌పుట్ ఇంపిడెన్స్ ఎక్కువగా ఉంటే అక్కడ బేస్ ఉబ్బుతుంది. 4 ఓమ్‌ల ట్యాప్ దగ్గర ఆ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ తక్కువ. మీ హైబ్రిడ్‌లో ఉన్నది ఎలక్ట్రోస్టాటిక్ ప్యానెల్ (అయస్కాంతాలతో కాక అధిక వోల్టేజితో ఫిల్మ్‌ని కదిలించేది) అయితే మాత్రం నా మాట నమ్మి కొనేయకండి. అది కెపాసిటర్ లాంటి లోడ్, 20 కిలోహెర్ట్జ్ దగ్గర కొన్నిటి ఇంపిడెన్స్ 1 ఓమ్ దాకా పడిపోతుంది. ఆ లెక్కే వేరు.

ఆర్కెస్ట్రా ఇప్పుడు ఎలా ఉందంటే, డ్రమ్ దెబ్బకి ఉలిక్కిపడుతున్నాను. అదే సమయంలో వెనక వయొలిన్లు ముద్దయిపోవడం లేదు. 300బీలో గొంతుకి ఉన్న ఆ తడి మాత్రం ఇందులో పూర్తిగా లేదు. ఒప్పుకోవాలి.

ఫిర్యాదు ఏమిటంటే, ఐదో నెలలో ఒక కేటీ88 ఎర్రగా కాలి ఫ్యూజ్ పోయింది. వారంటీ ఆంప్‌కే, ట్యూబులకు మూడు నెలలే అన్నారు. తప్పు కొంత నాదీ. బయాస్ (పాట లేనప్పుడు కూడా ట్యూబులో పారే కరెంటుని నిర్ణయించే సెట్టింగ్) నెలకోసారి మల్టీమీటర్ పెట్టి చూడమని మాన్యువల్‌లో ఉంటే నేను ఒక్కసారీ చూడలేదు. లోపల 400 వోల్టులకు పైగా ఉంటాయి కాబట్టి మూత తీయకుండా పైనుంచే కొలిచే పాయింట్లున్న ఆంప్ తీసుకోవడం మేలు. ఇందులో ఉన్నాయి, వాడనిది నేనే. వేడి సంగతి చెప్పనక్కర్లేదు, రెండు గంటలు వింటే గదిలో కిటికీ తెరవాల్సిందే.

ట్రయోడ్, అల్ట్రాలీనియర్ అని ట్యూబులని నడిపే రెండు పద్ధతుల (మోడ్‌ల) మధ్య మారడానికి ముందువైపు ఒక స్విచ్ ఉంది. ట్రయోడ్‌లో పవర్ దాదాపు సగమైపోతుంది, కానీ గొంతులో ఆ తడి కొంత తిరిగొస్తుంది. రాత్రిళ్లు అదే వాడుతున్నాను. పగలు ఆర్కెస్ట్రా పెట్టేముందు స్విచ్ మార్చడం మరిచిపోతే మొదటి డ్రమ్ దెబ్బకే గుర్తొస్తుంది.