పొరలా, పొందికా, మనోధర్మమా: మళ్ళీ మళ్ళీ వినడానికి ఏ ఆల్బమ్ మేలు?

వాయిద్యాలు లెక్కకు మించి ఉంటేనో, తాళం బేసిగా నడిస్తేనో, ఒక్కో ట్రాక్ పది నిమిషాలు దాటితేనో ఆ ఆల్బమ్ సంక్లిష్టమైనదని అనేస్తుంటారు. ఇవేవీ రెండోసారి వినేలా చేయవు. ఏడక్షరాల తాళమైనా మొదటినుంచి చివరిదాకా ఒకే తీరుగా తిరిగితే నాలుగు ఆవర్తాల్లో చెవికి పట్టుబడిపోతుంది. ఆ తర్వాత అందులో వెతుక్కోవడానికి ఏమీ మిగలదు. వినేకొద్దీ విప్పారే గుణం ఎక్కువగా మూడు వైపులనుంచి వస్తుంది: శబ్దాల పొరలు, కూర్పులోని పొందిక, వాయించేవారి మనోధర్మం, అంటే అప్పటికప్పుడు అల్లుకునే నేర్పు.

పొరలకు 1966లో వచ్చిన 'పెట్ సౌండ్స్' మంచి ఉదాహరణ. బీచ్ బాయ్స్ బృందం కోసం బ్రయన్ విల్సన్ రెండు మూడు వాయిద్యాలచేత ఒకే వరసను కలిపి వాయింపించి, విడిగా దేనికీ లేని నాదాన్ని పుట్టించాడు. మొదట అది మోనోలోనే, అంటే శబ్దాలన్నీ ఒకే చోటునుంచి వినిపించేలా వచ్చింది, పూర్తి స్టీరియో మిక్స్ 1997లో గానీ రాలేదు. ముందు మోనో వినండి. ఆ నాదం దేనిదో తేల్చుకోలేకపోవడమే అక్కడి అందం. బాగా అలవాటయ్యాక స్టీరియోకి వెళ్తే అదే నాదం భాగాలుగా విడిపోయి కనిపిస్తుంది.

ఈ రకం ఆల్బమ్‌లకు ఫైలు నాణ్యత గండం. దగ్గర దగ్గర శ్రుతిలో రెండు శబ్దాలు ఒకేసారి పలికితే పెద్దది చిన్నదాన్ని కప్పేస్తుంది. ఎంపీ3 లాంటి పద్ధతులు ఫైలు కుదించేటప్పుడు ఇలా కప్పబడ్డ శబ్దాలకే ముందు కోత పెడతాయి. 128 కేబీపీఎస్ లాంటి తక్కువ నాణ్యతలో సన్నటి పొరలు, ప్రతిధ్వని తోకలు దెబ్బతినేది అందుకే. ఇక ఫోన్ స్పీకర్లో బాస్ దాదాపు ఉండదు. అయితే అన్నీ సరిగ్గా ఉన్నా పొరలకొక హద్దుంది: దాచినవన్నీ దొరికాక మిగిలేది పాట బలమే. 'పెట్ సౌండ్స్'కి పాటలూ గట్టివి కాబట్టి నిలిచింది. దాన్ని చూసి పొరలు మాత్రమే పేర్చినవి చాలా వరకు నిలవలేదు.

పొందిక విషయం వేరు. గ్లెన్ గూల్డ్ పియానోమీద వాయించిన, బాఖ్ రచన 'గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్' తీసుకోండి. ఉన్నది ఒకే వాయిద్యం. మొదట వచ్చే మూలరచన పేరు ఏరియా. అందులోని బాస్ (మంద్ర స్వరాల) నడకే ముప్పై వేరియేషన్లకూ, అంటే దాని మారురూపాలకూ ఆధారం. ఇరవయ్యేడోదాకా ప్రతి మూడోది కానన్, అంటే ఒక గొంతు (విడిగా నడిచే స్వరధార) పలికిన వరసనే రెండోది కాస్త వెనకగా అందుకుంటుంది. మూడోదాంట్లో రెండు గొంతులూ ఒకే స్వరంనుంచి మొదలవుతాయి, ఆరోదాంట్లో ఒక మెట్టు ఎడం, ఇలా పెరుగుతూ ఇరవయ్యేడోదాంట్లో తొమ్మిదో స్వరందాకా వెళ్తుంది. తెలియకుండా వింటే ముప్పై ముచ్చటైన ముక్కలు. అందుకే చాలామంది సగంలో వదిలేస్తారు. ఏరియా ఎడమచేతిని మాత్రమే నాలుగైదుసార్లు విని, కూనిరాగం తీయగలిగాక మొదటి వేరియేషన్‌కి వెళ్ళాలి.

గూల్డ్ స్టూడియో రికార్డింగులు రెండు: 1955 నాటిది 38 నిమిషాల పరుగు, 1981 నాటిది 51 నిమిషాలు. రెండోదాంట్లో వేరియేషన్ల వేగాలను ఒకదానికొకటి లెక్కకట్టి ముడివేశాడు. కొత్తవారికి 1981దే మేలు, గొంతులు విడివిడిగా అందుతాయి. వాయిస్తూ ఆయన తీసే కూనిరాగం కూడా అందుతుంది. అది కొందరికి చిరాకే.

మనోధర్మానికి 1959 నాటి, జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ'. 'సో వాట్'లో చట్రం ఇంతే: 16 బార్లు (తాళపు చుట్లు) ఒక స్వరవరుస, 8 బార్లు అదే అరస్వరం పైన, మళ్ళీ 8 బార్లు మొదటిది. ఆ మెట్టు ఎక్కే చోటు పట్టుకుంటే, సాక్సోఫోన్ వాయించిన కోల్ట్రేన్ దాన్ని ఎలా దాటాడో, మరో సాక్సోఫోన్ వాద్యకారుడు ఆడర్లీ ఎలా దాటాడో పోల్చుకోవచ్చు. 'ఫ్లమెంకో స్కెచెస్' ఇంకా రుచికరం. ఐదు స్వరవరుసలున్నాయి, దేనిమీద ఎంతసేపు ఉండాలో వాయించేవారి ఇష్టం. ఎవరు ఎక్కడ ఎన్ని బార్లు నిలిచారో వేళ్ళమీద లెక్కపెట్టండి. 1997 పునర్ముద్రణలో దీని మరో టేక్ కూడా ఉంది: చట్రం అదే, సోలోలు వేరు.

పొరలూ పొందికా కలిసినవీ ఉన్నాయి. స్టీవ్ రైక్ 'మ్యూజిక్ ఫర్ 18 మ్యుజీషియన్స్' మొదట్లోనే పదకొండు కార్డ్స్ (ఒక్కసారిగా మోగే స్వరాల గుంపులు) వరసగా వినిపించి, తర్వాత ఒక్కోదాని మీద ఒక చిన్న రచన కడుతుంది. ఆరంభం గుర్తుంటేనే మిగతాది అర్థమవుతుంది.

ఎక్కువకాలం నిలిచేది పొందికే అని నా తీర్పు. వినేవారి జ్ఞాపకం పెరిగేకొద్దీ అందులో వినిపించేదీ పెరుగుతుంది. కాకపోతే మొదలుపెట్టడానికి 'కైండ్ ఆఫ్ బ్లూ' సులువు, ఏమీ తెలియకపోయినా మొదటిసారే హాయిగా ఉంటుంది. రెండు ఆల్బమ్‌లనో రెండు ముద్రణలనో పోల్చేటప్పుడు మాత్రం శబ్దస్థాయి సమానంగా పెట్టుకోండి. కాస్త గట్టిగా మోగేదే మెరుగ్గా ఉన్నట్టు చెవి మోసపోతుంది.