ఎముకల్లో వ్యవసాయం పుట్టుక: తార్నాకలో నాలుగు ఆదివారాల తరగతిపై సమీక్ష

తవ్వకాల్లో బయటపడే జంతువుల ఎముకలను ఎలా చదవాలి, మనిషి పశువులను ఎప్పుడు, ఏ తీరున మచ్చిక చేసుకున్నాడు, వేట మీద బతికిన సమాజం పెంపకానికి, సేద్యానికి ఎలా మళ్లింది అన్న ప్రశ్నలకు వాటి నుంచి ఎంతవరకు జవాబు రాబట్టవచ్చు అన్న విషయాన్ని మామూలు పాఠకులు కూర్చుని నేర్చుకునే అవకాశం హైదరాబాదులో అరుదు. తార్నాకలో ఒక చిన్న అధ్యయన బృందం ఒక ఇంటి పై అంతస్తులో నాలుగు ఆదివారాల పాటు నడుపుతున్న తరగతి ఆ లోటును కొంత తీరుస్తోంది. మధ్యాహ్న భోజనం, టీ, ఒక చేతి పుస్తకం కలిపి రుసుము 4,000 రూపాయలు. పురావస్తు పరిశోధన చేసిన ఒకరు, ఉద్యోగ విరమణ చేసిన పశువైద్యులు ఒకరు కలిసి పాఠం చెబుతారు. పాఠమంతా తెలుగులోనే సాగుతుంది. లోపాలు లేకపోలేదు, వాటిని దాచకుండా రాస్తాను. అయినా ఈ డబ్బుకు, ఈ సమయానికి తగిన విలువ దక్కిందనే నా అభిప్రాయం.

మొదటి ఆదివారం గుర్తింపుతో మొదలవుతుంది. బల్లల మీద ట్రేలలో గొర్రె, మేక, ఆవు, గేదె, పంది ఎముకలు పరిచి ఉంటాయి. ఇవి జియాగూడ మండి నుంచి, నగర శివారు పల్లెల నుంచి సేకరించి, ఉడకబెట్టి, శుభ్రం చేసి, ఒక్కొక్క జంతువు వయసు, ఆడదా మగదా అన్న వివరం సిరాతో రాసి పెట్టినవి. వయసు, లింగం ముందే తెలిసిన అస్థిపంజరాలు ఇన్ని ఒకచోట ఉండడమే ఈ తరగతికి పెద్ద ఆస్తి. తవ్వకంలో దొరికిన ముక్కను పోల్చి చూసుకోవడానికి ఇలాంటి సేకరణ లేకపోతే ఎంత చదివినా ఆ చదువు ఊహ దగ్గరే ఆగిపోతుంది.

గొర్రెను మేక నుంచి వేరు చేసి చూపించిన తీరు ప్రత్యేకంగా మెచ్చుకోదగినది. బతికున్నప్పుడు దూరం నుంచే ఇది గొర్రె, ఇది మేక అని చెప్పగలిగే మనం, వాటి పక్కటెముకలు పక్కపక్కన పెడితే తడబడతాం. ముందుకాలి పొడవాటి ఎముక కింది చివర, రెండు గిట్టలకు ఆనే గుండ్రటి భాగాల ఆకారంలో తేడా ఉంటుంది. మేక ఎముక పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది, ఆ గుండ్రటి భాగాల వెలుపలి అంచు గొర్రెలో కన్నా సన్నగా ఉంటుంది. ప్రతి ఒక్కరి చేతికీ వెర్నియర్ కాలిపర్ ఇచ్చి ఆ కొలతలు తీయించారు. జర్మన్ పరిశోధకుడు బోస్నెక్ 1960లలో ఈ తేడాలను క్రమపద్ధతిలో నమోదు చేసిన నాటి నుంచి నేటి వరకు ఈ రంగంలో ఎవరు అడుగుపెట్టినా ముందు నేర్చుకునేది ఇదే. మన దక్కనుకు వచ్చేసరికి చిక్కు ఇంకొకటి కలుస్తుంది. కృష్ణజింక, కొండగొర్రె (పేరు అలా ఉన్నా ఇది గొర్రె కాదు, జింకను పోలిన జంతువు) వంటి అడవి జంతువుల ఎముకలు పరిమాణంలో మేకకు, గొర్రెకు దగ్గరగా ఉంటాయి. ఆ తేడా పట్టుకోలేకపోతే వేటాడిన జంతువును పెంచిన జంతువుగా లెక్కవేసే ప్రమాదం ఉంది, అప్పుడు ఆ స్థలంలో పెంపకం ఉండేదన్న మాటకే పునాది కదిలిపోతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కారణంగా కృష్ణజింక అసలు ఎముకలు ప్రైవేటు బృందాల దగ్గర ఉండే వీలు లేదు కాబట్టి అచ్చుపోసిన నమూనాలు, ఫోటోలు మాత్రమే చూపించారు. అందులో తప్పుపట్టవలసినది ఏమీ లేదు.

తరగతి మొత్తంలో నాకు బాగా నచ్చినది రెండో ఆదివారం దవడల పాఠం. ఎముక ఏ జంతువుదో తెలిసినంత మాత్రాన పెంపకం గురించి తెలిసినట్టు కాదని, ఆ జంతువు ఏ వయసులో చచ్చిందన్నదే అసలు ప్రశ్న అని బోధకులు మొదట్లోనే స్పష్టం చేశారు. మండిలో బేరగాళ్లు పెదవి ఎత్తి ముందు పళ్లు చూసి "రెండు పళ్లు వేసింది, నాలుగు పళ్లు వేసింది" అని వయసు కడతారు. తవ్వకంలో దొరికే దవడల్లో ఆ ముందు పళ్లు చాలావరకు రాలిపోయి ఉంటాయి కాబట్టి పరిశోధకులు దంతాల మీద, అంటే వెనక దవడ పళ్ల మీద ఆధారపడతారు. గొర్రెలో మొదటి శాశ్వత దంతం సుమారు మూడో నెలకు, రెండోది తొమ్మిది నుంచి పన్నెండు నెలల మధ్య, మూడోది ఏడాదిన్నర నుంచి రెండేళ్ల మధ్య వస్తాయి. ఆ తరువాత మేత నమిలి నమిలి పన్ను పైభాగం ఏ మేరకు అరిగిందో చూసి వయసు అంచనా వేస్తారు. నా చేతికి ఇచ్చిన దవడ ఒక పిల్లది. అందులో చివరి పాల దంతం మూడు భాగాలుగా ఉంది, దాని వెనక మొదటి శాశ్వత దంతం అప్పుడే చిగురు దాటి కొస మాత్రం బయటపెట్టింది, ఆ కొస మీద ఇంకా ఒక్క గీత కూడా అరుగుదల లేదు. శాశ్వత దంతాల్లో చివరిదానికి కూడా మూడు భాగాలు ఉంటాయి కనుక, కొత్తగా నేర్చుకునేవారు పాల దంతాన్ని చూసి పెద్ద జంతువు అని పొరబడకుండా రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించారు.

ఆ వయసులన్నీ లెక్కగట్టి గీసిన గ్రాఫు ఒక మంద కథను చెబుతుంది. పరిశోధకుడు సెబాస్టియన్ పేన్ 1973లో తుర్కియేలోని అష్వాన్ కాలే తవ్వకాల్లో దొరికిన ఎముకల ఆధారంగా ప్రతిపాదించిన నమూనాలను ఇక్కడ వివరించారు. మంద మాంసం కోసమైతే మగ జంతువులు బాగా ఎదిగి, ఇక పెట్టే మేతకు తగినంత బరువు పెరగని దశలో, ఏడాదిన్నర, రెండున్నరేళ్ల మధ్య కోతకు వెళ్తాయి. పాల కోసమైతే అవసరానికి మించిన మగ పిల్లలు మొదటి నెలల్లోనే కోతకు పోతాయి. ఉన్ని కోసమైతే ఆడా మగా రెండూ పెద్దవయసు వరకు మందలో ఉంటాయి. ప్రతి బల్లకూ కొన్ని దవడల అచ్చులు ఇచ్చి గ్రాఫు గీయించారు. అప్పుడు ఒక పశువైద్య విద్యార్థిని లేచి, "సార్, పిల్లల దవడలు మెత్తగా ఉంటాయి కదా, కుక్కలు నమిలేసినా, మట్టిలో కరిగిపోయినా మనకు దొరకవు; అలాంటప్పుడు పాల కోసం పెంచలేదని ఎలా అంటాం?" అని అడిగింది. బోధకులు ఆ ప్రశ్నను దాటవేయకుండా, కుక్క కొరికిన ఎముకలను, ఆమ్లం ఎక్కువైన మట్టిలో పైపొర తినేసిన ఎముకలను ట్రేలో తెచ్చి పెట్టి, దొరకని వాటి గురించి ఎంత జాగ్రత్తగా మాట్లాడాలో అరగంట చర్చించారు. పాఠ్యప్రణాళికలో లేని ఆ అరగంటలో నేను నేర్చుకున్నది ఎక్కువ.

అదే రోజు మధ్యాహ్నం ఇరాన్‌లోని గంజ్ దరేహ్ అనే తవ్వకాల స్థలం ఉదాహరణ చెప్పారు. మచ్చికైన జంతువు శరీరం చిన్నదవుతుందని, కాబట్టి ఎముకల కొలత తగ్గితే అదే మచ్చికకు గుర్తు అని చాలాకాలం పరిశోధకులు భావించేవారు. మెలిండా జెడర్, బ్రయన్ హెస్సే 2000లో వెలువరించిన పరిశోధనలో ఆ భావనను తిరగదోడారు. చిన్న వయసులో ఎముక కొసలు కీళ్ల దగ్గర విడిగా ఉండి, పెద్దయ్యాక అతుక్కుంటాయి; అలా అతుక్కున్న ఎముకలనే సాధారణంగా కొలుస్తారు. పెంపకందార్లు మగవాటిని చిన్న వయసులోనే కోసి ఆడవాటిని పిల్లల కోసం ఉంచుకుంటే, కొలతకు దొరికేవి ఎక్కువగా ఆడ మేకల ఎముకలే అవుతాయి. అవి సహజంగానే చిన్నవి. అంటే జాతి చిన్నదవకముందే, మంద నడిపే పద్ధతి మారినందువల్ల సగటు కొలత తగ్గుతుంది. అతుక్కోని ఎముకలను కూడా లెక్కలోకి తీసుకుని, ఆడ మగ వేరుచేసి చూసినప్పుడు, సుమారు 10,000 ఏళ్ల కిందటే అక్కడ చిన్న వయసు మగ మేకలను ఎంచి కోసిన తీరు బయటపడింది. దేహం మారకముందే మనిషి నిర్ణయం ఎముకల్లో నమోదైందన్నమాట. ఈ తర్కాన్ని బోర్డు మీద ఒక్కో మెట్టుగా కట్టి చూపించిన తీరు ఏ విశ్వవిద్యాలయ తరగతికీ తీసిపోదు.

మూడో ఆదివారం గాట్లు, కాలిన ఎముకలు, లెక్కింపు పద్ధతులు. చెకుముకిరాతి పలుకుతో మేక కాలి కీలు దగ్గర మాంసం కోయించి, ఆ ఎముక మీద పడిన సన్నటి గీతను భూతద్దంలో చూపించారు. రాతి అంచు గాటు లోపల ఇరుకుగా, కొసగా దిగుతుంది. కుక్క పన్ను గుర్తు వెడల్పుగా, గుండ్రంగా ఉంటుంది. ఈ భాగం బాగుంది. లెక్కింపు పాఠం మాత్రం హడావుడిగా ముగిసింది. గుర్తించిన ముక్కల మొత్తం సంఖ్యకూ, వాటిని బట్టి తేలే కనీస జంతువుల సంఖ్యకూ ఉన్న తేడాను ఒక లెక్క చేయించి ఉంటే బాగుండేది. జల్లెడ పట్టడం గురించి మాట మాత్రంగా చెప్పి వదిలేశారు. చేత్తో ఏరితే ఆవు ఎముకలే కనబడతాయి, చేపలు, పక్షులు, పిల్లల పళ్లు మట్టితోపాటు పోతాయి. ఆవరణలో ఒక బుట్ట మట్టి, రెండు జల్లెళ్లు పెడితే గంటలో అర్థమయ్యే విషయం అది.

నా అసలు ఫిర్యాదు నాలుగో ఆదివారం గురించి. హైదరాబాదులో కూర్చుని ఈ విషయం నేర్చుకునేవారికి అన్నిటికన్నా దగ్గరిది దక్కను బూడిద దిబ్బల, అంటే పోగుపడిన పశువుల పేడ కాలి ఏర్పడిన దిబ్బల కథ. దానికి ఒక పూట మాత్రమే కేటాయించారు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు వేరు) 1957లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ జరిపిన తవ్వకంలో కాలిన పేడ పొరల నడుమ పశువుల గిట్టల ముద్రలు, దొడ్డి చుట్టూ పాతిన గుంజల గుంతలు దొరికాయి. దక్కనులో నవీన శిలాయుగపు మనుషులు వేల ఏళ్ల కిందటే పశువులను దొడ్డి కట్టి కాచారనడానికి ఇంతకన్నా సూటి ఆధారం అరుదు. ఆ దిబ్బలను ఎందుకు కాల్చారన్న దానిపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. పశువులను మంటల మీదుగా నడిపించే పండుగలతో ఆల్చిన్ పోల్చారు. కర్ణాటకలోని బూదిహాళ్‌లో ఏళ్ల తరబడి తవ్విన పురావస్తు శాస్త్రవేత్త కె. పద్దయ్య, బూడిద దిబ్బలు మనుషులు నివసించిన ఊళ్లలో భాగమేనని చూపారు. అక్కడ పశువులను కోసి మాంసం చేసిన నేల కూడా ఎముకలతో, రాతి పనిముట్లతో సహా బయటపడింది. ఈ రెండు స్థలాలను ఎదురెదురుగా పెట్టి ఒక రోజంతా మాట్లాడవలసింది. దానికి బదులు పశ్చిమాసియా ఉదాహరణలకు రెండు పూటలు పోయాయి.

ఇంకొక లోటు కూడా ఇక్కడిదే. దక్కనులో పశువులు ముందా, పంట ముందా అన్న ప్రశ్నకు ఎముకలు ఒక్కటే జవాబు చెప్పలేవు. దక్షిణాది నవీన శిలాయుగ స్థలాల్లో కాలిన గింజలను డోరియన్ ఫుల్లర్, రవి కోరిశెట్టర్ వంటి పురావస్తు పరిశోధకులు పరిశీలించి, అండుకొర్ర, ఉలవలు, పెసలు ఇక్కడి తొలి పంటల్లో ముఖ్యమైనవని చూపించారు. గొర్రె, మేకలకు ఈ ప్రాంతంలో అడవి పూర్వీకులు లేవు, అవి బయటి నుంచి రావలసిందే. అండుకొర్ర, ఉలవలు మాత్రం ఈ నేలవే. బయటి నుంచి వచ్చిన మంద, ఇక్కడే పుట్టిన పంట ఒకే ఊరిలో ఎలా కలిశాయన్నది దక్కను వ్యవసాయ చరిత్రలో అత్యంత ఆసక్తికరమైన ప్రశ్న. దాన్ని చివరి పది నిమిషాల్లో ప్రస్తావించి ముగించడం బాధ కలిగించింది. మూపురం ఉన్న ఆవు విషయంలో మాత్రం న్యాయం చేశారు: వెన్నుపూస పైముల్లు కొస రెండుగా చీలి ఉండడం మూపురపు జాతికి గుర్తుగా పరిశోధకులు వాడతారని ఒక ఒంగోలు ఎద్దు ఎముకతో చూపించి, బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ అనే తొలి వ్యవసాయ స్థలంలో అడుగు పొరల్లో ఎక్కువగా ఉన్న అడవి జంతువుల ఎముకలు పైకి వచ్చేకొద్దీ తగ్గి పశువుల ఎముకలు పెరగడాన్ని పరిశోధకుడు రిచర్డ్ మెడో గమనించిన తీరుతో ముడిపెట్టారు.

చేతి పుస్తకం భాష చక్కగా ఉంది, బొమ్మలు మాత్రం మసకగా అచ్చయ్యాయి. గొర్రె, మేక కాలి ఎముకల తేడా ఆ బొమ్మల్లో కనిపించదు కాబట్టి ఫోన్‌లో ఫోటోలు తీసుకోవడం మంచిది. బోధకులు అభ్యంతరం చెప్పరు. గదిలో వెలుతురు చాలదు, గాట్లు చూసే రోజున కిటికీ పక్క బల్ల కోసం పోటీ పడవలసి వచ్చింది. భోజనం ఇంటి వంట, దానికి వంక పెట్టలేను. డీఎన్‌ఏ ద్వారా ఎముక ఏ జంతువుదో చెప్పే పద్ధతుల గురించి క్లుప్తంగా చెప్పారు. తార్నాకకు కూతవేటు దూరంలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో అలాంటి పని జరుగుతోంది, కనుక అక్కడి నుంచి ఒకరిని పిలిచి ఒక గంట మాట్లాడిస్తే తరగతి విలువ ఎంతో పెరుగుతుంది. మన వేడి నేలల్లో ఎముకలోని ప్రొటీను, డీఎన్‌ఏ తొందరగా నశిస్తాయి, అందుకే కంటితో చూసి గుర్తించే నేర్పు ఇక్కడ ఇంకా అవసరం అన్న మాట కూడా అప్పుడు విద్యార్థులకు గట్టిగా పడుతుంది.

చరిత్ర విద్యార్థులకు, పశువైద్యం చదివేవారికి, బడిలో సాంఘికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులకు ఈ తరగతిని నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. తవ్వకాల కథలు వినడానికి మాత్రమే వచ్చేవారికి మొదటి రెండు ఆదివారాలు కష్టంగా అనిపించవచ్చు, ఎందుకంటే అవి పూర్తిగా కొలతలతో, పట్టికలతో గడుస్తాయి. బ్యాచ్ చిన్నది, ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. సొంత భూతద్దం, గళ్ల కాగితాల పుస్తకం తీసుకెళ్లండి. దక్కను భాగానికి ఒక పూర్తి ఆదివారం కేటాయించమని నమోదు పత్రంలోనే రాసి ఇవ్వండి. నేను చివరి రోజు రాసిచ్చిన అభిప్రాయ పత్రంలో అదే కోరాను, తరువాతి బ్యాచ్‌కు పరిశీలిస్తామని నిర్వాహకులు చెప్పారు.