ఆఫీసు ఫొటోకి టచింగ్: ఫొటోషాపా, లైట్‌రూమా, ఒక్క నొక్కుతో అయిపోయే యాపా?

పోయిన ఏడాది ఒక కంపెనీలో 42 మందికి ఆఫీసు ఫొటోలు తీశాను. బూడిదరంగు బ్యాక్‌డ్రాప్, వెలుగుని మెత్తబరిచే సాఫ్ట్‌బాక్స్ లైటు ఒకటి, రెండో పక్క తెల్ల థర్మాకోల్ షీటు. తీయడం ఒక్క పూటలో అయిపోయింది. రెండు రోజుల్లో ఫైళ్లు ఇవ్వమన్నారు. టచింగ్‌కి, అంటే మొహాల మీద మచ్చలూ మెరుపులూ దిద్దడానికి, టైం లేదని ఒక ఏఐ యాప్‌లో ఫోల్డర్ మొత్తం పడేసి, వచ్చినవి వచ్చినట్టే పంపేశాను. మర్నాడు పొద్దున్నే హెచ్ఆర్ మేడం ఫోన్ చేశారు. "సార్, ఫొటోలన్నీ బాగున్నాయి గానీ, మా అకౌంట్స్ మేడం ముక్కుపుడక ఏమైంది సార్?"

చూస్తే నిజంగానే లేదు. ఒంటిరాయి ముక్కుపుడక, యాప్ దాన్ని మొటిమ అనుకుని తుడిచేసింది. ఇంకొకాయన గడ్డం మీద పుట్టుమచ్చ మాయం. ఇద్దరికి బొట్టు పలచబడిపోయింది. పైసా అడగకుండా 42 ఫొటోలూ మళ్లీ మొదటి నుంచి చేసుకున్నాను. అప్పటి నుంచి ఏ పనికి ఏ పద్ధతి అన్నది ముందే తేల్చుకుంటున్నాను.

సాఫ్ట్‌వేర్ కంటే ముందు ఒక లెక్క ఉంది. పదిహేను రోజుల్లో దానంతట అదే పోయేదైతే తీసేస్తాను: మొటిమ, షేవింగ్ గాటు, నిద్ర చాలక వచ్చిన ఎర్ర జీర. మనిషితో పాటు ఉండేదైతే ఉంచుతాను: పుట్టుమచ్చ, పాత దెబ్బ గుర్తు, నవ్వితే కంటి కొసల్లో పడే గీతలు. ఇది పెళ్లి ఆల్బమ్ కాదు. ఫొటో చూసిన మనిషి రేపు మీటింగ్‌లో ఎదురుగా కూర్చుంటే గుర్తుపట్టాలి. ఈ లెక్క మనకు తెలుసు, సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. కాబట్టి ఏది మనల్ని ఎక్కువ అడిగి పనిచేస్తుందో, ఏది అడగకుండా చేసేస్తుందో, ఫొటోషాప్, లైట్‌రూమ్, ఏఐ యాప్, ఈ మూడింటికీ అసలు తేడా అక్కడే.

ముందు ఫొటోషాప్. ఇందులో చర్మం మీద పని చేయడానికి రెండు దారులున్నాయి. యూట్యూబ్‌లో ఎక్కువగా చెప్పేది ఫ్రీక్వెన్సీ సెపరేషన్. ఫొటోని రెండు లేయర్లుగా విడగొడతారు. కింది లేయర్‌ని గాసియన్ బ్లర్‌తో మసక చేస్తే అందులో రంగు, నీడలు మిగులుతాయి. పై లేయర్‌లో అప్లై ఇమేజ్ అనే కమాండ్‌తో ఆ మసకని తీసివేస్తే రంధ్రాలు, వెంట్రుకల లాంటి సన్న వివరాలు మిగులుతాయి. ఆ కమాండ్‌లో పెట్టే సెట్టింగులు, 8 బిట్ ఫైల్ అయితే, సబ్‌ట్రాక్ట్, స్కేల్ 2, ఆఫ్‌సెట్ 128. ఆ పైన బ్లెండ్ మోడ్, అంటే రెండు లేయర్లూ కలిసే తీరు, లీనియర్ లైట్. అప్పుడు రంగుని ముట్టుకున్నా చర్మం నేత చెదరదు. చెప్పుకోవడానికి అద్భుతంగా ఉంటుంది. చేతిలోకి వచ్చేసరికి తొంభై శాతం మంది కింది లేయర్‌లో లాసోతో బుగ్గ మొత్తం చుట్టి ఇంకో బ్లర్ కొడతారు. చామనఛాయ మొహం మీద ఇది ఇట్టే దొరికిపోతుంది. మన చర్మంలో బుగ్గ ఒక రంగు, నుదురు ఒక రంగు, మూతి చుట్టూ కాస్త ముదురు. వాటన్నిటినీ కలిపి మెదిపితే బూడిద చల్లినట్టు తేలుతుంది.

రెండో దారి, పక్క చర్మంతో మచ్చని కప్పే హీలింగ్ బ్రష్‌తో మచ్చలు తీసి, మిగతాది డాడ్జ్ అండ్ బర్న్‌తో, అంటే చోటు చూసి వెలుగు పెంచుతూ తగ్గిస్తూ, దిద్దడం. రెండు కర్వ్స్ లేయర్లు, ఒకటి కాస్త వెలుగు పెంచేది (డాడ్జ్), ఒకటి తగ్గించేది (బర్న్). మాస్కు అంటే మార్పు ఎక్కడ కనిపించాలో చెప్పే ముసుగు. రెండింటి మాస్కులూ నలుపు చేసి, తెల్ల బ్రష్ ఫ్లో (రంగు పడే జోరు) 3 శాతం దగ్గర పెట్టి, చిన్న చిన్న గీతలతో నల్లగా ఉన్నచోట వెలుగు, మెరిసేచోట నీడ. కంటి కింద వలయాన్ని ఇలా సగానికి తగ్గిస్తాను, అంతే. మొత్తం తీసేస్తే కళ్లు మొహానికి అతికించినట్టు ఉంటాయి.

ఇదేమీ కొత్త విద్య కాదు. టచింగ్ అన్న మాట మన స్టూడియోల్లో ఫొటోషాప్ కంటే ముందు నుంచీ ఉంది. నెగెటివ్‌ని వెనక నుంచి వెలుగు వచ్చేలా పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో మచ్చల మీద దిద్దేవాళ్లు. మొహం మీది నల్ల మచ్చ నెగెటివ్‌లో తేటగా ఉంటుంది. అక్కడ కాస్త గ్రాఫైట్ పడితే ప్రింటులో మచ్చ తేలికవుతుంది. హీలింగ్ బ్రష్ 2002లో ఫొటోషాప్ 7తో వచ్చింది. పెన్సిల్ చేసే పనే, చెయ్యి మారింది.

ఫొటోషాప్‌లో ఇబ్బంది టైమే. నాకు ఒక మొహానికి పాతిక నిమిషాలు పడుతుంది. 42 మందికి లెక్కేస్తే పదిహేడున్నర గంటలు. ఆ కంపెనీ ఇచ్చిన రేటుకి అది గిట్టదు.

ఫొటోల్ని గుంపుగా దిద్దే లైట్‌రూమ్ ఇక్కడే నిలబడుతుంది. 2022 అక్టోబరు అప్‌డేట్ తర్వాత ఇందులో మనిషిని గుర్తించి మాస్కులు తనే వేస్తోంది: మొహం చర్మం వేరు, ఒంటి చర్మం వేరు, కనుబొమలు, కంటి తెలుపు, కనుపాప, పెదవులు, పళ్లు, జుట్టు, అన్నీ విడివిడిగా. మొహం చర్మానికి టెక్స్చర్ (చర్మం నేత) మైనస్ 20 దగ్గర, క్లారిటీ (వెలుగునీడల గట్టిదనం) మైనస్ 5. కంటి తెలుపుకి ఎక్స్‌పోజర్ చిటికెడు. పళ్లకి పసుపు శాచురేషన్ (రంగు గాఢత) కొద్దిగా తగ్గింపు. ఒక ఫొటోకి ఇది కుదుర్చుకుని మిగతా వాటికి సింక్ కొడితే, ఎవరి మొహానికి వాళ్ల మాస్కు వేసుకుంటుంది. ఆ తర్వాత ఒక్కొక్కరి దగ్గర ఆగి మొటిమలు చేత్తో తీయాలి. మనిషికి మూడు నిమిషాలు, మొత్తం రెండు గంటల పైచిలుకు. ముక్కుపుడక ఎక్కడికీ పోదు, ఎందుకంటే తీసేది నేను, లైట్‌రూమ్ కాదు.

లోటు లేకపోలేదు. కళ్లద్దాల్లో సాఫ్ట్‌బాక్స్ పచ్చగా మెరిస్తే లైట్‌రూమ్‌లో చేయగలిగింది తక్కువ. బ్లేజరు భుజం దగ్గర ఉబ్బినా, కాలరు ఒక పక్కకి పోయినా ఫొటోషాప్ ఎక్కక తప్పదు. నిజానికి ఈ రెండూ షూటింగ్‌లోనే సరిచేసుకోవాల్సినవి. కళ్లద్దాల కాడల్ని చెవుల మీద కొంచెం పైకి లేపితే అద్దం కిందికి వంగి మెరుపు పక్కకి పోతుంది. కుర్చీలో కూర్చోబెడితే బ్లేజరు వెనక అంచు మీద కూర్చోమంటే భుజాలు దిగుతాయి. ఇక మే నెలలో బండి మీద వచ్చిన మనిషి నుదుటికి ముందు ఒక టిష్యూ పేపరు. నలభై పైసల పేపరు అద్దకపోతే పది నిమిషాల టచింగ్.

ఇప్పుడు ఏఐ యాపులు. నన్ను ముంచింది కాబట్టి పనికిరాదనను. స్పీడులో దానికి పోటీ లేదు, చెదిరిన వెంట్రుకలు తీయడంలో నాకంటే నయం. చిక్కల్లా అది వేసుకొచ్చే సెట్టింగుల దగ్గరే. కొన్నింట్లో మొహం సన్నబరచడం, కళ్లు పెద్దవి చేయడం, రంగు తేల్చడం ముందే ఆన్ అయి ఉంటాయి. వాడితే ఆ మూడూ సున్నా చేసి, చర్మం నునుపు పాతిక దాటకుండా పెట్టి, ప్రతి ఫొటోనీ వంద శాతం జూమ్‌లో ఒరిజినల్ పక్కన పెట్టి చూడాలి. అలా చూసేసరికి యాప్ వల్ల మిగిల్చుకున్న టైం సగం అక్కడే పోతుంది. ఇంకో సంగతి, చాలా యాపులు ఫొటోని వాళ్ల సర్వర్‌కి పంపి పనిచేస్తాయి. ఉద్యోగుల మొహాలు బయటికి పంపడం కంపెనీకి సమ్మతమేనా అని ముందే అడగండి. నేను అడగలేదు.

డబ్బు పెట్టలేని వాళ్లకి గింప్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం. హీల్ టూల్ బాగానే పనిచేస్తుంది, 2.10 వెర్షన్ నుంచి వేవ్‌లెట్ డీకంపోజ్ అనే ఫిల్టరు ఫ్రీక్వెన్సీ సెపరేషన్ పనిని ఒక్క నొక్కుతో చేసి పెడుతుంది. నేర్చుకుంటున్న వాళ్లకి అదే చాలు. వారానికి వంద మొహాలు చేసేవాళ్లకి సాగదు.

ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఒక మాట మాత్రం తప్పకుండా ఎదురవుతుంది: "కొంచెం తెల్లగా చేయండి సార్." మొదట్లో నాకు కోపం వచ్చేది. తర్వాత అర్థమైంది, పదిమందిలో ఎనిమిది మంది అడుగుతున్నది రంగు గురించి కాదు, ఫొటో డల్‌గా ఉందని. తెల్ల చొక్కా వేసుకున్న చామనఛాయ మనిషిని కెమెరా ఆటో మోడ్‌లో తీస్తే కెమెరా చొక్కాని చూసి ఎక్స్‌పోజర్ తగ్గిస్తుంది, మొహం నీడలోకి పోతుంది. మొహం మాస్కు మీద మూడో వంతు స్టాప్ (వెలుగు కొలత) పెంచి, వైట్ బ్యాలెన్స్‌లో కాస్త వెచ్చదనం ఇస్తాను. రంగు అదే, వెలుగు వచ్చింది. "ఆఁ, ఇప్పుడు బాగుంది" అంటారు. మిగిలిన ఇద్దరికి మాత్రం చెప్పి ఒప్పించాలి.

మరి ఏది మేలు? డైరెక్టరుగారి ఫొటో యాన్యువల్ రిపోర్టులో పేజీ నిండా పడుతుందంటే ఫొటోషాప్, అదీ డాడ్జ్ అండ్ బర్న్. టీమ్ మొత్తం వెబ్‌సైట్‌కి అంటే లైట్‌రూమ్, కళ్ళు మూసుకుని. లింక్డ్‌ఇన్‌లో మొహం వేలిగోరంత గుండ్రంలో కనిపిస్తుంది, అక్కడ చర్మ రంధ్రాల మీద గంటసేపు కూర్చోవడం దండగ. సొంత ఫొటో ఒక్కటే, రేపటికి కావాలంటే ఏఐ యాప్ చాలు, పైన చెప్పిన మూడూ సున్నా చేసి. ఫ్లెక్సీకి అంటే ఏదైనా ఒకటే. దాన్ని ఇరవై అడుగుల దూరం నుంచి చూస్తారు.

అమెరికా వీసా ఫొటోకి మాత్రం వీటిలో ఏదీ వద్దు. ఇదే ఫొటో క్రాప్ చేసి ఇమ్మని చాలామంది అడుగుతారు. రెండంగుళాల చదరం, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఒక్కటే కాదు నిబంధన. మొహాన్ని ఎడిట్ చేసిన ఫొటో అక్కడ చెల్లదు. 2016 నవంబరు నుంచి కళ్లద్దాలు కూడా కుదరవు. దానికి వేరేగా ఒకటి తీసి, మొటిమతో సహా ఇచ్చేస్తాను.

అకౌంట్స్ మేడంకి కొత్త ఫైలు పంపాక ఆవిడ నుంచి వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. ముక్కుపుడక రాయి ఇంకాస్త మెరిసేలా చేయగలరా అని. ఆ ఒక్క ఫొటోని ఫొటోషాప్‌లో తెరిచి, డాడ్జ్ లేయర్ మీద రెండు గీతలు గీశాను.