ఏపీ బండి పర్లాకిమిడిలో: పాత నంబరా, ఓడీ నంబరా?

పాతపట్నం దాటితే ఒడిశాలోని పర్లాకిమిడే. ఊరు మారినట్టే ఉండదు, రాష్ట్రం మాత్రం మారిపోతుంది. ఏపీ 39 ప్లేటుతో ఇక్కడ కాపురం పెట్టినవాళ్లందరిదీ ఇదే తికమక.

పాత నంబరు: పైసా ఖర్చు లేదు, తిరుగుడు లేదు. కానీ గడువు 12 నెలలే. ఆపైన బండి ఇక్కడే ఉంటే మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం కొత్త నంబరు తీసుకోవాల్సిందే.

ఓడీ (ఒడిశా) నంబరు: ముందు ఏపీ ఆర్టీవో దగ్గర ఫారం 28తో అభ్యంతరం లేదనే పత్రం, అంటే ఎన్‌ఓసీ, బండి మీద లోన్ ఉంటే ఫైనాన్స్ వాళ్ల ఒప్పుదల, తర్వాత ఇక్కడ కొత్త నంబరుకు ఫారం 27, మళ్లీ రోడ్డు ట్యాక్సు. ఏపీలో కట్టిన లైఫ్ ట్యాక్సులో మిగిలిన కాలానిది వాపసు అడగొచ్చు. అదీ కొత్త ఆర్సీ చేతికొచ్చాకే. మా ఇంట్లో ఆ కాగితాలకే ఒక ప్లాస్టిక్ సంచీ ఉంది, అటుకుల డబ్బా పక్కన.

ఇన్సూరెన్స్: దేశమంతా చెల్లుతుంది, రెండింటికీ తేడా లేదు. నంబరు మారితే పాలసీలోనూ మార్పించుకోవాలి. క్లెయిమ్ రోజున ఆర్సీలో ఒకటి, పాలసీలో ఒకటి ఉంటే తలనొప్పే.

ఆరేడు నెలల డెప్యుటేషనైతే పాత నంబరు కదపకండి. ఇల్లు కొని, పిల్లల్ని ఇక్కడే బడిలో వేసినవాళ్లు ఎన్‌ఓసీ పని ఈ నెలలోనే మొదలుపెట్టండి.