బెంగళూరులో గృహహింస సేవలు: 181 నుంచి మనోవర్తి దాకా

కొట్టే మొగుణ్ని వదిలి, పిల్లల చెయ్యి పట్టుకుని బయటికొచ్చిన ఆడమనిషికి బెంగళూరులో పైసా తీసుకోకుండా చేసే సేవలు చాలానే ఉన్నాయి. హెల్ప్‌లైను, సఖి కేంద్రం, రక్షణాధికారి, ఉచిత లాయరు, ఆపైన కోర్టు. చిత్తూరు నుంచో అనంతపురం నుంచో పెళ్లయి ఇక్కడికొచ్చిన వాళ్లు, అక్కడి అత్తింటి నుంచి తప్పించుకుని మారతహళ్లిలోనో కె.ఆర్. పురంలోనో తలదాచుకున్న వాళ్లు అడిగేది ఒకటే. ఇవి నిజంగా పని చేస్తాయా? చేస్తాయి, కానీ అన్నీ ఒకేలా చెయ్యవు. వీటిలో అన్నిటికన్నా గట్టిది చాలామంది పేరు కూడా వినని ఒక ఫారం. అన్నిటికన్నా బలహీనమైనది కౌన్సెలింగ్, అందరూ ముందు పంపేది మాత్రం అక్కడికే.

దెబ్బలు పడుతున్న క్షణంలో పిలవాల్సింది 112. ఆ గండం దాటాక 181. ఈ నంబరు రాత్రీ పగలూ పలుకుతుంది, సఖి కేంద్రానికి దారి చూపుతుంది. ఎత్తగానే కన్నడం వినిపిస్తే కంగారు పడక్కర్లేదు, తెలుగు మాట్లాడేవాళ్లను ఇవ్వమని అడగండి. మీరు ఎక్కడున్నారు, పిల్లలెందరు, వాళ్ల వయసెంత, ఇదే నంబరుకి తిరిగి ఫోన్ చేస్తే ప్రమాదమా కాదా అన్నవి మొదటి నిమిషంలోనే చెప్పెయ్యాలి. చివరిది చెప్పడం మరిచిపోతారు. సిమ్ భర్త పేరు మీద ఉన్నా, ఫోన్‌లో ఆయన లొకేషన్ షేరింగ్ పెట్టి ఉంచినా, తిరిగొచ్చే ఆ ఒక్క కాలే మీ ఆచూకీ బయటపెడుతుంది.

సఖి కేంద్రంలో వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, తాత్కాలిక బస అన్నీ ఒకే కప్పు కింద ఉంటాయి. ఆపద సమయానికి ఇది మంచి చోటే. ఇల్లనుకుంటే మాత్రం నిరాశ తప్పదు. బస ఐదు రోజుల వరకే. ఆ తర్వాత శక్తి సదన్‌కి పంపుతారు, ఒకప్పుడు స్వాధార్ గృహాలు అనేవాళ్లు వీటిని. రెండు చోట్లా మగపిల్లల వయసు మీద పరిమితి ఉంటుంది. పదేళ్లు దాటిన కొడుకుంటే బయల్దేరే ముందే ఫోన్‌లో అడిగి తేల్చుకోవాలి, గేటు దగ్గరికి వెళ్లాక కాదు. లేడీస్ పీజీలు కూడా చాలావరకు పిల్లల్ని రానివ్వవు. అందుకే ఒక్క గదైనా సరే, అద్దెకు తీసుకోవడమే నిలకడైన దారి. అగ్రిమెంటు మీ అన్న పేరునో స్నేహితురాలి పేరునో కాకుండా మీ పేరునే రాయించుకోండి. గృహహింస చట్టం 27వ సెక్షన్ ప్రకారం మీరు తాత్కాలికంగా ఉంటున్న చోట కూడా కేసు వెయ్యొచ్చు. పెళ్లి మదనపల్లెలో జరిగినా, కాపురం హిందూపురంలో చేసినా ఇక్కడి కోర్టు వినాల్సిందే. ఇక్కడ ఉంటున్నారని చూపించేది ఆ అగ్రిమెంటే.

ఇక ఆ ఫారం. గృహహింస నిరోధక చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. దాని నిబంధనల్లోని ఫారం 1 ఇది, వాడుకలో డీఐఆర్ (డొమెస్టిక్ ఇన్సిడెంట్ రిపోర్ట్) అంటారు. దీన్ని నింపి మేజిస్ట్రేటుకి పంపే బాధ్యత రక్షణాధికారిది. కర్ణాటకలో ఆ పని సీడీపీఓల చేతిలో ఉంది, అంటే అంగన్‌వాడీలను చూసే ఆఫీసు. మీ వీధి ఏ ఆఫీసు కిందికొస్తుందో దగ్గర్లోని అంగన్‌వాడీ టీచరమ్మను అడిగితే చెబుతుంది.

ఫారంలో శారీరక హింస, లైంగిక హింస, మాటలతో పెట్టే హింస, ఆర్థిక హింస, కట్నం వేధింపు, ఇలా వేటికవే విడివిడి గళ్లు. ఎక్కువమంది దెబ్బల గడి ఒక్కటే నింపి మిగతావి వదిలేస్తారు. ఇదే పెద్ద పొరపాటు. జీతం పడగానే ఏటీఎం కార్డు లాక్కోవడం, ఇంటి ఖర్చుకి ఇవ్వకపోవడం, ఉద్యోగం మాన్పించడం, చెప్పకుండా నగలు తాకట్టు పెట్టడం, ఇవన్నీ ఆర్థిక హింసే. ఆ గడి ఖాళీగా ఉంటే రేపు మనోవర్తి అడిగినప్పుడు, నగలు తిరిగిమ్మన్నప్పుడు అవతలి లాయరు దాన్నే చూపిస్తాడు.

రాసే తీరు కూడా ముఖ్యం. "పెళ్లయినప్పటి నుంచి నరకం చూపిస్తున్నాడు" అన్న వాక్యం నిజమే కావచ్చు, కోర్టులో దానికి బలం లేదు. "2024 కనుమ రోజు రాత్రి, వంటగదిలో, కుక్కర్ మూతతో ఎడమ భుజం మీద" అన్నదానికి ఉంది. తారీఖులు గుర్తులేవని చాలామంది ఆగిపోతారు. మనకి తారీఖులు గుర్తుండవు గానీ పండగలు గుర్తుంటాయి. ఉగాది ముందు రోజు, వరలక్ష్మీ వ్రతం నాడు, పాపకి చెవులు కుట్టించిన వారం, ఇలా ముందు ఒక నోట్‌బుక్కులో తెలుగులోనే రాసుకుని, తర్వాత పాత క్యాలెండరు చూసి తారీఖులు వెయ్యండి. పది సంఘటనలు చాలు, వాటిలో మొదటిది, చివరిది, అన్నిటికన్నా ఘోరమైనది తప్పకుండా ఉండాలి.

ఫారంతో పాటు స్త్రీధనం జాబితా జత చెయ్యాలి. "బంగారం 30 తులాలు" అని ఒక్క ముక్కలో రాస్తే తిరిగి రాబట్టడం కష్టం. ఒక్కో వస్తువుకీ ఒక్కో వరుస: నల్లపూసలు, 24 గ్రాములు, అమ్మ పెట్టింది, ఫలానా పెళ్లి ఫోటోలో మెళ్లో ఉంది, ఇప్పుడు అత్తగారి లాకర్లో ఉంది. బిల్లు దొరక్కపోతే ఫోటో ఒక ఆధారం. పసుపు కుంకుమ కింద రాసిచ్చిన స్థలం ఉంటే దాని దస్తావేజు నకలు కూడా పెట్టాలి. 19వ సెక్షన్ కింద ఇవన్నీ తిరిగిమ్మని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు.

దెబ్బలకి ఆస్పత్రికి వెళ్తే డాక్టరుకి నిజం చెప్పండి. పరువు పోతుందని "బాత్రూంలో జారిపడ్డాను" అని చెప్పిన మాట చీటీలోకి అలాగే ఎక్కుతుంది, రెండేళ్ల తర్వాత అదే చీటీ మీకు అడ్డం పడుతుంది. "భర్త కొట్టాడని చెబుతున్నారు" అన్న ఒక్క వాక్యం అందులో రాయించుకోవాలి, ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) నంబరు అడిగి రాసుకోవాలి. కమిలిన మచ్చల ఫోటో అదే రోజు ఒకటి, రెండు మూడు రోజులకి రంగు తేలాక ఇంకొకటి తియ్యాలి.

లాయరు ఫీజుకి భయపడి ఆగిపోయేవాళ్లకి ఒక మాట. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద ఆడవాళ్లందరికీ లాయరు ఉచితం, ఆదాయంతో సంబంధం లేదు. నెలకి లక్ష జీతమున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగినికీ ఉచితమే, ఈ సంగతి చాలామందికి తెలీదు. 15100కి ఫోన్ చెయ్యొచ్చు, లేదా సిద్ధయ్య రోడ్డులో న్యాయదేగుల భవనంలోని న్యాయ సేవల ఆఫీసుకి వెళ్లి తెల్లకాగితం మీద దరఖాస్తు ఇవ్వొచ్చు. ఫ్యామిలీ కోర్టూ ఆ భవనంలోనే. నాణ్యత మాత్రం వచ్చే లాయరును బట్టి ఉంటుంది. కొందరు ప్రాణం పెట్టి వాదిస్తారు. ఇంకొందరు వాయిదాకి రారు, ఫోనెత్తరు. అలాంటప్పుడు భరించక్కర్లేదు, లాయరును మార్చమని అదే ఆఫీసులో రాతపూర్వకంగా అడగొచ్చు. మిమ్మల్ని డబ్బడిగితే అదీ అక్కడే రాసివ్వండి.

పిటిషను కన్నడంలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. ప్రతి పేజీ తెలుగులో చదివించుకుని గానీ సంతకం పెట్టకండి. అఫిడవిట్ చివర "నాకు తెలుగులో చదివి వినిపించారు, అర్థమైంది" అన్న వాక్యం చేర్పించండి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో "ఇది మీరు చెప్పిందేనా?" అని అడిగితే తడబడకుండా ఉండటానికి ఇదే ఆధారం.

ఇప్పుడు కౌన్సెలింగ్. స్టేషనుకి వెళ్లినా, సఖికి వెళ్లినా, కోర్టుకి వెళ్లినా ఏదో ఒక మెట్టు మీద ఇద్దర్నీ కూర్చోబెడతారు. మంచి కౌన్సెలరు దొరికితే మనసు కుదుటపడుతుంది, కాదనం. కానీ "పిల్లల మొహం చూసి సర్దుకుపోమ్మా" అన్న మాటకే చాలామంది కౌన్సెలర్లు తిరిగి తిరిగి వస్తారు. పుట్టింటివాళ్లు అప్పటికే నూరుసార్లు అన్న మాట అది. కోర్టు పంపిన కౌన్సెలింగ్‌కి గృహహింస చట్టం 2006 నిబంధనల్లో గట్టి కట్టుబాటు ఉంది: భర్త తాను కొట్టడాన్ని సమర్థించుకునే మాటే అక్కడ ఎత్తకూడదు, ఆ సంగతి ముందే అతనికి చెప్పాలి. "ఆమె కూడా ఎదురు మాట్లాడింది" అని మొదలుపెడితే ఈ నిబంధన గుర్తుచెయ్యండి. ఇంకో జాగ్రత్త. రాజీపత్రం మీద అప్పటికప్పుడు సంతకం చెయ్యకండి, నకలు తీసుకుని లాయరుకి చూపిస్తానని లేవండి. "ఇకపై కేసు పెట్టను" అన్న ఒక్క వాక్యం కోసమే చాలా రాజీపత్రాలు పుడతాయి.

కోర్టు వేగం గురించి చట్టం చెప్పేది వేరు, జరిగేది వేరు. మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లోపు, మొత్తం కేసు 60 రోజుల్లో ముగించే ప్రయత్నం చెయ్యాలని గృహహింస చట్టం 12వ సెక్షన్ అంటుంది. నోటీసు అందలేదని, భర్త కౌంటరు (జవాబు) వెయ్యలేదని వాయిదాల మీద వాయిదాలు పడి నెలలు గడిచిపోతాయి. అందుకే మొదటి రోజే 23వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వులు అడగాలి. ఇంటికీ ఆఫీసుకీ పిల్లల బడికీ రాకుండా ఆపడం, అద్దె డబ్బు, నెల ఖర్చు, పిల్లల తాత్కాలిక కస్టడీ అన్నీ ఒకే పిటిషనులో అడగొచ్చు. భర్త ఉద్యోగస్తుడైతే 20వ సెక్షన్ కింద ఇంకొకటి తప్పకుండా అడగండి: అతని జీతంలోంచి కోసి కంపెనీయే నేరుగా మీ ఖాతాలో వేసేలా ఆదేశం. పిటిషనులో ఇది రాయకపోవడం వల్ల ప్రతినెలా చెయ్యి చాచి అడుక్కునే పరిస్థితి వస్తుంది. రక్షణ ఉత్తర్వు మీరితే ఏడాది వరకు జైలు లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఉత్తర్వు కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. ఒకటి స్టేషనులో, ఒకటి బడిలో ఇచ్చి ఉంచండి. ఉత్తర్వు చేతిలో లేకుండా "తండ్రి వస్తే పంపకండి" అంటే ఏ బడి ప్రిన్సిపాలూ ధైర్యం చెయ్యరు.

మనోవర్తి ఎంతన్నది తేల్చేది అఫిడవిట్. సుప్రీంకోర్టు 2020లో రజ్నేష్ వర్సెస్ నేహా కేసులో ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం, ఖర్చులు ప్రమాణపూర్వకంగా చెప్పాలంది, డబ్బు దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్కగట్టాలంది. మీ ఖర్చు తగ్గించి రాసుకోకండి. అద్దె, బడి ఫీజు, వ్యాన్, పాలు, మందులు, గ్యాస్, ట్యూషను, అన్నీ రసీదులతో. ఉద్యోగముంటే దాచకండి, దాస్తే అసలు కేసే దెబ్బతింటుంది.

చిన్నవే గానీ వెంటనే చెయ్యాల్సినవి కొన్ని. ఆధార్‌లో ఫోన్ నంబరు భర్తదైతే ఓటీపీలన్నీ అక్కడికే పోతాయి. ఆధార్ కేంద్రానికి వెళ్లి వేలిముద్రతో ముందు నంబరు మార్చుకోండి, చిరునామా ఆ తర్వాత. కర్ణాటక చిరునామా ఉన్న గుర్తింపు కార్డు వచ్చాక శక్తి పథకం కింద మామూలు బీఎంటీసీ సిటీ బస్సుల్లో ఆడవాళ్ల టికెట్‌కి డబ్బు ఉండదు, ఏసీ బస్సులకి వర్తించదు. కోర్టుకీ పనికీ తిరిగేవాళ్లకి ఇది నెల బడ్జెట్‌లో కనిపించే డబ్బే. పాత బడి టీసీ ఇవ్వకుండా తిప్పుతుంటే, ఎనిమిదో తరగతి లోపు పిల్లల్ని ప్రభుత్వ బడిలో టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదని విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ చెబుతోంది.

ఉత్తర్వు వచ్చాక డబ్బు పడటం ఆగిపోతే ఊరుకోకండి. ఒక పుస్తకంలో నెల, పడాల్సింది, పడింది, బాకీ అని నాలుగు గళ్లు గీసుకుని రాయండి, పక్కన బ్యాంకు స్టేట్‌మెంటు పెట్టండి. బకాయి వసూలుకి, అది రావాల్సిన రోజు నుంచి ఏడాదిలోపు దరఖాస్తు వెయ్యాలి. ఈసారి ఇస్తాడేమోనని ఎదురుచూస్తూ ఏడాది దాటనిస్తే ఆ పాత నెలల డబ్బుకి వారెంటు అడిగే దారి మూసుకుపోతుంది. మూడు నెలలు పడకపోతే నాలుగో నెల మొదటి వారంలోనే ఆ పుస్తకం పట్టుకుని లాయరు దగ్గరికి వెళ్లండి.