మాట వస్తోంది, బొమ్మ రావట్లేదు: రిపేరు చేయించిన టీవీతో మూడేళ్లు

మా 43 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ 2017 దసరాకి కొన్నది. దాదాపు ఐదేళ్లు ఏ పేచీ పెట్టలేదు. 2022 వేసవిలో ఒక సాయంత్రం అమ్మ సీరియల్ చూస్తుండగా తెర నల్లబడిపోయింది, మాటలు మాత్రం ఆగలేదు. "ఒరేయ్, ఇది రేడియో అయిపోయిందిరా" అంది అమ్మ.

అంతకు రెండు నెలల ముందే తెర ఎడమ మూల రూపాయి బిళ్ళంత తెల్ల మచ్చలు రెండు వచ్చాయి. అప్పుడే చూపించాల్సింది, పట్టించుకోలేదు.

కంపెనీ సర్వీసు సెంటర్ మనిషి వచ్చి పది నిమిషాలు చూశాడు. ప్యానెల్ (బొమ్మ కనిపించే తెర అద్దం) మార్చాలి, 21,000 అవుతుంది, దానికన్నా కొత్తది తీసుకోండి అని చెప్పి, విజిటింగ్ చార్జీ తీసుకుని వెళ్లిపోయాడు. నిజంగానే కొత్తదానికి ఆర్డర్ పెట్టబోయాను. ఎందుకైనా మంచిదని పక్క వీధి మెకానిక్‌ని పిలిచాం. డబ్బా టీవీల కాలం నుంచీ ఇదే పని చేస్తున్నాడాయన.

ఆయన గదిలో లైట్లన్నీ ఆర్పించి, ఫోన్ టార్చ్‌ని తెరకి దగ్గరగా, ఏటవాలుగా పట్టాడు. వెలుతురు పడిన మేర సీరియల్ నడుస్తూనే ఉంది, మసక మసగ్గా! "ప్యానెల్‌కి ఏం కాలేదమ్మా, వెనక లైట్లు పోయాయి" అన్నాడు. ఎల్‌ఈడీ టీవీ అన్నా లోపలి తెర ఎల్‌సీడీయే, దానికి సొంత వెలుగు ఉండదు. వెనక పట్టీల మీద అమర్చిన చిన్న ఎల్‌ఈడీ బల్బులే దానికి వెలుగు. ఒక దండలో పూసల్లా వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒక్కటి కాలిపోయినా ఆ వరుసంతటికీ కరెంటు ఆగిపోతుంది.

హైదరాబాద్ కోఠిలో ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే గుజరాతీ గల్లీ నుంచి పట్టీలు తెచ్చి, మంచం మీద దుప్పటి పరిచి విప్పాడు. తెర అద్దం ఎత్తేటప్పుడు రెండో వైపు నన్ను పట్టుకోమన్నాడు. కాస్త వంగినా పగిలిపోతుందంటే నాకు ఒకటే టెన్షన్. లోపల తెల్ల షీటు మీద చొక్కా గుండీలంత లెన్సులు రెండు ఊడి పడి ఉన్నాయి. ఎల్‌ఈడీ వెలుగుని చుట్టూ పరిచేవి అవే. అవి ఊడినచోటే ఆ తెల్ల మచ్చలు.

పోయిన బల్బు ఒక్కటే మారిస్తే ఆరేడు వందలతో అయిపోయేది. కానీ మిగతావీ అదే వయసువి, ఇవాళ కాకపోతే రేపు పోతాయన్నాడు. పట్టీలన్నీ మార్పించాం, కూలీతో కలిపి 3,200. వెళ్తూ వెళ్తూ సెట్టింగ్స్‌లో బ్యాక్‌లైట్‌ని 100 నుంచి 60కి తగ్గించాడు. వేడి తగ్గితే ఎల్‌ఈడీలు ఎక్కువ కాలం మన్నుతాయట.

ఆ 3,200తో మూడేళ్లకు పైగా చూశాం. రంగు కాస్త నీలం వైపు మొగ్గింది, వారంలో కళ్లకి అలవాటైపోయింది. టీవీలోని యాప్‌లు పాతబడితే, వాటి బదులు యాప్‌లు నడిపే ఒక స్టిక్ టీవీకి తగిలించుకున్నాం.

2025 సెప్టెంబర్ మొదట్లో తెర మీద నిలువు గీతలు వచ్చాయి. మళ్లీ ఆయన్నే పిలిచాం. ప్యానెల్‌కి వెళ్లే రిబ్బన్ కేబుళ్లు తీసి, తుడిచి పెట్టినా పోలేదు. తెర అంచు నొక్కితే గీతలు మారుతున్నాయి. "ఈసారి ప్యానెలే, డబ్బు పెట్టకండమ్మా" అన్నాడు. పని వచ్చినా వద్దన్న మనిషి మాట మీద నాకు ఇంకా గురి కుదిరింది.

32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గుతుందని అప్పుడే తెలిసి, ఆ గీతలతోనే రెండు వారాలు నెట్టుకొచ్చాం. 32,000 టీవీ 29,500కి వచ్చింది.

నన్నడిగితే, మాట వచ్చి బొమ్మ రాకపోతే టార్చ్ వేసి చూడకుండా కొత్తది కొనొద్దు. తెర పగిలినా, ప్యానెల్ గీతలు పడినా మాత్రం రిపేరుకి రూపాయి కూడా పెట్టొద్దు.

పాతదాన్ని మెకానిక్కే 1,200 ఇచ్చి పట్టుకెళ్లాడు. అందులోని పట్టీలు, పవర్ బోర్డు ఇంకెవరింటి టీవీకో పనికొస్తాయట. కొత్తదాని బ్యాక్‌లైట్ మొదటి రోజే 60కి దించాను.